తాగని నీళ్ళకు పెరిగిన కానుగలు

మా కాలేజీలో నా తర్వాత ‘వ్యక్తిగత ఆరోగ్యం’ పేపర్ తీసుకున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. దాంతోపాటు ప్రజాసేవ ఇంటర్న్‌షిప్ కూడా ఆమె నెత్తినే పెట్టారట. “మేడం, పాత నోట్సు ఏమన్న ఉన్నయా?” అని అడిగింది. ఉన్నా ఇవ్వనన్నాను. నోట్సులో ఉన్నదంతా పుస్తకంలో ఉంది, పుస్తకంలో ఉన్నదంతా పిల్లల ఫోన్లలో ఉంది. ఎక్కడా లేనిది నాలుగు ముక్కలు రాసిస్తాను, తీరికగా చదువుకో అన్నాను. ఇదిగో, ఇవే ఆ నాలుగు ముక్కలు.

కాలేజీ పేరు చెప్పను. ఇబ్రహీంపట్నం చుట్టూ చాయ్ బండ్లకన్నా కాలేజీలే ఎక్కువ కాబట్టి ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు. మనుషుల పేర్లూ మార్చాను. మాటలు మాత్రం మార్చలేదు, మార్చడానికి నాకు మనసొప్పలేదు.

కప్పల మేడం

నేను జువాలజీ చెప్పేదాన్ని. పిల్లలు నా వెనక నన్ను ‘కప్పల మేడం’ అనుకునేవారు. నాకు తెలుసని వాళ్ళకూ తెలుసు. ఆ ఏడు ఈ కొత్త పేపర్ వచ్చినప్పుడు ఎవరూ ముందుకు రాలేదు. కామర్స్ ఆయన తనకే బీపీ ఉంది, ఆరోగ్యం గురించి ఏ మొహంతో చెప్పాలన్నాడు. తెలుగు చెప్పే విజయ మేడం, ఒంటి సంగతులు మొగపిల్లల ముందు మాట్లాడాలంటే సిగ్గన్నది. చివరికి మా ప్రిన్సిపాల్ నర్సింహ సార్ నన్ను పిలిచాడు.

“మేడం, మీరు కప్పలను కోసి సూపిస్తరు గద. మనిషి గూడ గంతే అనుకోండ్రి,” అన్నాడు.

అలా మొదలైంది. మొదటి రోజుల్లో పుస్తకం ముందు పెట్టుకుని బుద్ధిగా చెప్పాను. చేతులు కడుక్కోవడం, నిద్ర, ఉప్పు, చక్కెర. చక్కెర పాఠం రోజు వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, “మేడం, బాలాపూర్ లడ్డు ప్రసాదం గద, గది తిన్నా షుగర్ వస్తదా?” అన్నాడు. “వేలంల పాడినోనికి ముందు బీపీ వస్తదిరా, షుగర్ ముచ్చట తర్వాత,” అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు చూసి పాఠం బాగా చెబుతున్నాననుకున్నాను. కొత్తగా చేరేవాళ్ళకు ముందే చెబుతున్నాను, పిల్లలు నవ్వారంటే విన్నారని మాత్రమే అర్థం. ఒంటికి పట్టిందో లేదో వేరే చూసుకోవాలి.

కల్లు తాగని ఊరు

ఇంటర్న్‌షిప్ అంటే చాలామందికి ఒక ఫైలు, ఒక సంతకం. మాకూ అంతే ఉండేది. మొదటి విడతలో పిల్లల్ని ఎవరి ఊరికి వాళ్ళనే పంపాం. ఇంటింటికీ పోయి తిండి, తాగుడు, నిద్ర గురించి అడిగి రావాలి. సొంత ఊరైతే బస్సు ఖర్చు ఉండదు, అన్నం ఇంట్లోనే తినొచ్చు, అందరూ తెలిసినవాళ్ళే. మాకు అంతకన్నా మంచి ఉపాయం ఇంకోటి తోచలేదు.

కోహెడ నుంచి వచ్చే శ్రీకాంత్ అనే పిల్లవాడు మొట్టమొదట వాళ్ళ మేనత్త ఇంటికే పోయాడు. “అత్తా, నువ్ కల్లు తాగుతవా?” అని అడిగాడు. ఆమె చాట పక్కన పెట్టి, “ఓరి, నన్నే అడిగేటంతటోనివైనవా? నీ పెండ్లికి తాగుత తియ్యి, జర ఇప్పుడైతే ఎల్లు,” అన్నదట. మిగతా ఇళ్ళల్లోనూ అదే వరస. బావలు, వదినెలు, పెద్దనాయనలు. వరసైనవాళ్ళ ముందు ఎవరు నిజం చెబుతారు? తీరా అన్నీ కూడితే ఆ ఊళ్ళో ఒక్కరు కూడా చుక్క కల్లు ముట్టరని తేలింది. మరి అక్కడి గౌడన్నలు పొద్దున్నే చెట్లెక్కి ఎవరికోసం దింపుతున్నారో మాకు అంతుబట్టలేదు.

అప్పుడు స్టాఫ్ రూములో పొట్టచెక్కలయ్యేలా నవ్వుకున్నాం. అడిగితే చెప్పరు, చూసి తెలుసుకోవాలి అని విజయ మేడం అన్నది. మంచి మాటే. అందరం తలూపాం. ఆ మాట మా గేటు దాకా కూడా వర్తిస్తుందని ఎవరికీ తట్టలేదు.

తర్వాత పిల్లల్ని ఊళ్ళకు పంపడం మానేశాం. కొందరిని మున్సిపాలిటీ ఆఫీసుకు, కొందరిని లైబ్రరీకి, కొందరిని దవాఖానకు పంపేవాళ్ళం. దవాఖానలో పని పెద్దదేం కాదు. ఓపీ చీటీలు రాయాలి, ముసలివాళ్ళను ఏ గదికి పోవాలో అక్కడికి తీసుకుపోవాలి, మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో మళ్ళీ ఒకసారి చెప్పాలి. కానీ అక్కడికి పోయివచ్చిన పిల్లలు వారం తిరిగేసరికి ఎదిగిపోయేవాళ్ళు. నడకే మారిపోయేది. ఇప్పుడు తలుచుకున్నా నాకు ముచ్చటేస్తుంది.

గేటు దగ్గరి మొక్కలు

మా గేటుకు అటూ ఇటూ కానుగ మొక్కలు ఉండేవి. మొక్కలు నాటే కార్యక్రమంలో కాలేజీ ఆవరణంతా నాటారు. ఎండాకాలం వచ్చేసరికి మిగతావి ఎండి పుల్లలయ్యాయి. గేటు దగ్గరివి మాత్రం ఏపుగా పెరిగాయి. కారణం అందరికీ తెలిసిందే. సాయంత్రం బస్సుకు పోతూ ఆడపిల్లలు ఆగి, బ్యాగుల్లోంచి బాటిళ్ళు తీసి, ఆ పాదుల్లో నీళ్ళు పోసి పోయేవాళ్ళు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు.

నర్సింహ సార్‌కు అది ఎంత గర్వమో! ఫొటో తీయించి తన గదిలో గోడకు పెట్టించాడు. ఎవరు వచ్చినా గేటు దగ్గరికి తీసుకుపోయి, “సేవాభావం అంటే గిది. చెప్పకుంటనే చేస్తరు మా పిల్లలు,” అనేవాడు. నేనూ తక్కువ తినలేదు. ఏడాది చివర ఇంటర్న్‌షిప్ గురించి నాలుగు మాటలు చెప్పమంటే ఆ మొక్కల సంగతే మొదట చెప్పేదాన్ని. చప్పట్లు కొట్టేవాళ్ళు. రంగారెడ్డి జిల్లా ఎండల్లో, సాయంత్రం దాకా ఆ బాటిళ్ళలో నీళ్ళు ఎలా మిగిలాయని ఒక్కరూ అడగలేదు. రోజుకు ఎన్ని నీళ్ళు తాగాలో బోర్డు మీద రాసింది కూడా నేనే.

లావణ్య

పెద్ద చెరువు అవతలి ఊరు నుంచి వచ్చేది లావణ్య. తండ్రి మల్లేశ్ చెరువులో చేపలు పడతాడు, తల్లి మార్కెట్లో అమ్ముతుంది. పిల్ల గొంతు పెద్దది. క్లాసులో ప్రశ్న అడిగితే పక్క క్లాసు కూడా జవాబు వినేది. “మా ఇంట్ల అందరు నీళ్ళల్లనే ఉంటరు మేడం, నేనొక్కదాన్నే సదువుల పడ్డ,” అనేది. దవాఖాన ఇంటర్న్‌షిప్‌కు తనంతట తాను పేరిచ్చింది. అక్కడ ఓపీ దగ్గర వరస తప్పినవాళ్ళను ఆమె ఒక్క కేకతో సర్దేదని డాక్టరమ్మ నాతో నవ్వుతూ చెప్పింది.

ఒకరోజు మధ్యాహ్నం ఆ డాక్టరమ్మే ఫోన్ చేసి వెంటనే రమ్మన్నది. పోయేసరికి లావణ్య బల్ల మీద ముడుచుకుని పడుకుంది. చలితో వణుకుతోంది, నడుము పట్టుకుని మూలుగుతోంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, మూత్రపిండాల దాకా పాకిందేమో చూడాలి అన్నారు.

“పొద్దుగాల్నుంచి ఎన్ని నీళ్ళు తాగినవ్ బిడ్డా?” డాక్టరమ్మ అడిగింది.

లావణ్య నా వైపు చూసింది.

“మేడంను ఎందుకు చూస్తవ్? నాకు చెప్పు.”

“ఇంటికాడ బయలెల్లెటప్పుడు ఇన్ని తాగుత. మల్ల ఇంటికి వోయినంకనే.”

“నడిమిట్ల?”

“నడిమిట్ల తాగితే కాలేజీల ఏడికి పోవాలె మేడం?”

నాకు అప్పటికీ అర్థం కాలేదు. “రోజూ బాటిల్ తెస్తవు గద?” అన్నాను.

“అమ్మ నింపి ఇస్తది. మల్ల నిండుగనే వాపస్ తీస్కపోతే తిడ్తది. బస్సుల నిలబడితే బరువు గూడ. గందుకే గేటుకాడ చెట్లకు పోస్తం. అందరం గంతే మేడం.”

అందరం. డాక్టరమ్మ నా మొహం చూసి, “హెల్త్ మీరే చెప్తరట గద మేడం,” అన్నది. ఎత్తిపొడవాలని కాదు, మామూలుగానే అన్నది. అయినా గుచ్చుకుంది.

సంగతేమిటంటే, మా కాలేజీలో ఆడపిల్లలకు పాత బాత్రూం ఒకటి ఉండేది. తలుపుకు గొళ్ళెం లేదు, కుళాయిలో నీళ్ళు లేవు. ఒకరు పోతే ఇంకొకరు తలుపు పట్టుకోవాలి. కొన్నాళ్ళకు అదీ మానేశారు. దాని పక్కనే కొత్తది కట్టారు. తెల్లటి టైల్సు, అద్దాలు, వరుసగా కుళాయిలు. దానికి తాళం. పైనుంచి తనిఖీ బృందం వస్తుందని, అప్పటిదాకా కొత్తగా ఉండాలని నర్సింహ సార్ వేయించిన తాళం. తాళంచెవి ఆయన సొరుగులో ఉండేది. మా లెక్చరర్లకు స్టాఫ్ రూము వెనక వేరే ఏర్పాటుంది కాబట్టి ఆ తాళం మా కంటికి ఆనలేదు.

బందు పెట్టిన చదువు

జ్వరం తగ్గినా లావణ్య కాలేజీకి రాలేదు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఫోన్ చేస్తే తల్లి ఎత్తి, “వాళ్ళ నాయిన వద్దంటున్నడు మేడం,” అని పెట్టేసింది. ఆటో పట్టుకుని వాళ్ళ ఊరు పోయాను. మల్లేశ్ ఇంటి ముందు కూర్చుని చిరిగిన వల కుడుతున్నాడు. నన్ను చూసి లేచి, మంచం వాల్చి, కూర్చోమన్నాడు. మర్యాదకేం లోటు లేదు. మాట మాత్రం గట్టిగానే ఉంది.

“చెరువు మీద బతికే ఇల్లు మేడం మాది. మా బిడ్డ నీళ్ళు తాగక మంచం పట్టిందంటే ఊరు నవ్వుతది. రోగం తెచ్చుకునే సదువు మాకెందుకు? బందు పెట్టిన.”

“ఇంకొక్క ఏడాదే గద మల్లేశన్నా. పిల్ల మంచిగ చదువుతది.”

“చదువుతది, నేను కాదన్ననా? దవాఖానల డాక్టరమ్మ ఏం చెప్పిందో ఇన్నరు గద. మల్ల గిట్లయితే కిడ్నీలు ఖరాబైతయంట. డిగ్రీ ఉండి కిడ్నీలు లేకుంటే నేనేం చేసుకోవాలె?”

తలుపు చాటు నుంచి లావణ్య గొంతు వచ్చింది. “నేను బందు పెట్టలె బాపూ. నువ్ పెట్టినవ్.”

మల్లేశ్ వల మీదికి వంగాడు. చేతులు ఆగిపోయాయి. బిడ్డ అంటే ఎంత పాణమో ఆ వంగడంలోనే కనిపించింది. “ఆ కొత్త దాని తాళం తీయిస్త. నాది జిమ్మ,” అన్నాను.

“తీసిన నాడు చెప్పుండ్రి,” అన్నాడు. “నేనే బండి మీద తోలుకొస్త.”

తిరిగి వస్తుంటే చెరువు కట్ట మీద ఆటో ఆగింది. ఎదురుగా అన్ని నీళ్ళు. వాటి ఒడ్డున పుట్టిన పిల్ల పగలంతా నాలుక తడుపుకోకుండా నా పాఠం రాసుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఆటోలోనే ఏడ్చాను.

మంచి గ్లాసులు

నర్సింహ సార్ చెడ్డవాడని మీరనుకుంటే పొరపాటు. ప్రతి పిల్లది ఏ ఊరో, ఏ బస్సుకు వస్తుందో ఆయనకు నోటికి వచ్చు. ఆయన చేసింది మన ఇళ్ళల్లో అందరం చేసే పనే. మెరిసే గ్లాసులు చుట్టాల కోసం అలమారలో పెట్టి, ఇంటివాళ్ళం సొట్టలు పడ్డవాటిలో తాగుతాం. కొత్త దుప్పటి ఎవరో వస్తేనే పరుస్తాం. ఆయన కాలేజీని కూడా ఇల్లనుకున్నాడు, అంతే.

నేను పోయి చెప్పాను. “టీం వచ్చిపోనీయుండ్రి మేడం,” అన్నాడు. “ఇప్పుడు తీస్తే గాళ్ళొచ్చేవరకు అంత ఖరాబ్ చేస్తరు. గప్పుడు నేనేం మొఖం సూపియ్యాలె?” స్టాఫ్ మీటింగులో మళ్ళీ ఎత్తాను. ఒంటి సంగతులంటే సిగ్గన్న విజయ మేడం లేచి నిలబడి, “సార్, నా బిడ్డె గిదే కాలేజీల చదువుతున్నది. సాయంత్రం ఇంటికి రాంగనే ఉరుకుతది. ఎందుకో నాకు ఇప్పుడు తెలిసింది,” అన్నది. సార్ చూద్దామన్నాడు. మా దగ్గర ‘చూద్దాం’ అంటే ఏమిటో ఉద్యోగం చేసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

మల్లేశ్‌కు ఫోన్ చేసి, ఇంకా తీయలేదని ఉన్న మాట చెప్పాను. ఆయన “అవ్” అన్నాడు, పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే బండి మీద దిగాడు. నేను సార్ గదిలోనే ఉన్నాను. మల్లేశ్‌ను కూర్చోమని, అటెండర్ యాదమ్మతో నీళ్ళు తెప్పించాడు సార్. మల్లేశ్ గ్లాసెడు తాగి, ఇంకో గ్లాసు అడిగి, అదీ తాగాడు. బిడ్డ ఎట్లున్నదని సార్ అడిగాడు. మంచిగైందన్నాడు. ఆ తర్వాత కాసేపు చేపల సంగతి, చెరువు నిండిన సంగతి మాట్లాడుకున్నారు. ఇక పోతాడేమో అనుకుంటుంటే, “సార్, జర ఒంటికి వస్తున్నది. ఏడికి పోవాలె?” అన్నాడు.

సార్ అలవాటు కొద్దీ కిటికీలోంచి వేలు చూపించాడు. “గా గోడ ఎన్కకు పోయిరా మల్లేశ్.”

మల్లేశ్ కుర్చీలోంచి కదల్లేదు.

“నేను మొగోణ్ణి సార్, గోడకు పోత. నా బిడ్డ ఏ గోడకు పోవాలె?”

గొంతు పెంచలేదు. బతిమాలలేదు. దారి అడిగినట్టు అడిగాడు. సార్ చూపించిన వేలు అలాగే గాలిలో ఉండిపోయింది. దాన్ని మెల్లగా దించి, సొరుగు లాగి, తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. “యాదమ్మా,” అని పిలిచాడు. ఆమె వచ్చేదాకా తల ఎత్తలేదు.

తాళం తీసిన తర్వాత

తాళం తీయగానే కథ కంచికి పోదు. ఎవరూ రాయని భాగం అదే కాబట్టి నేను రాస్తున్నాను. తీస్తే లోపల నీళ్ళు లేవు, ట్యాంకుకు పైపు కలపనేలేదు. మున్సిపాలిటీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్న ఆడపిల్లలు అక్కడే అర్జీ పెట్టి, సంబంధిత ఇంజనీరు గది ముందు తిరిగి తిరిగి, ఆయనే విసుగొచ్చి మనిషిని పంపేలా చేశారు. నన్నడిగితే మా కాలేజీ చరిత్రలో అసలైన ప్రజాసేవ ఇంటర్న్‌షిప్ అదొక్కటే. కడిగే పని మాత్రం పిల్లలకు పెట్టలేదు. “ఆడపిల్లలతోని బాత్రూంలు కడిగిచ్చిండ్రని పేపర్ల వస్తది,” అని సార్ భయపడ్డాడు. పేపర్ సంగతి ఎలా ఉన్నా, ఆ మాట న్యాయమే. దానికి వేరే మనిషిని పెట్టాం. మధ్యాహ్నం ముందు పిల్లలకు ఇంకో చిన్న విరామం ఇచ్చాం. కామర్స్ ఆయన తన పీరియడ్ తగ్గిందని గొణిగాడు. గొణగనిచ్చాం.

తనిఖీ బృందం కూడా వచ్చింది. అప్పటికి ఒక కుళాయి ఊడిపోయింది, ఒక అద్దం పగిలింది. సార్ చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. బృందంలోని పెద్దావిడ కారు దిగుతూనే మొట్టమొదట అడిగింది బాత్రూం ఎక్కడని. యాదమ్మ తీసుకుపోయింది. ఆవిడ తిరిగి వచ్చి ఏమీ అనలేదు. తాళం వేసి ఉంటే ఏమనేదో మేం తర్వాత చాలాసార్లు అనుకుని నవ్వుకున్నాం.

లావణ్య వచ్చింది. తండ్రి అన్నట్టుగానే బండి మీద దింపాడు. నా పాఠమూ మారింది. నీళ్ళు తాగండి అని చెప్పడం మానేసి, సాయంత్రం చివరి పీరియడ్‌లో బాటిళ్ళు ఎత్తి చూపించమనేదాన్ని. కొత్తవాళ్ళకు నేనిచ్చే సలహా ఇదొక్కటే. ఏ పాఠం చెప్పేముందైనా, దాన్ని పాటించడానికి ఆ పిల్లకు మీ ఆవరణలో చోటుందో లేదో లేచి చూసి రండి.

ఆ ఎండాకాలం

నేనిప్పుడు తుర్కయాంజాల్‌లో ఉంటున్నాను. ఇబ్రహీంపట్నంలో పనిబడితే పోతాను, పని లేకపోయినా ఒక్కోసారి పోతాను. తిరిగి వచ్చేటప్పుడు ఆటో కోసం ఆ గేటు ముందు కానుగల నీడలో నిలబడతాను. బాగా పెరిగాయి. నర్సింహ సార్ పోయి కొన్నేళ్ళయింది. ఆ నీడలో నిలబడితే ఆయనే గుర్తొస్తాడు.

లావణ్య తిరిగొచ్చిన ఆ ఎండాకాలం, ఆ మొక్కలు ఉన్నట్టుండి వాడిపోసాగాయి. ఆకులు ముడుచుకున్నాయి. సార్ కలవరపడ్డాడు. గోడ మీద ఫొటో చూస్తాడు, గేటు వైపు చూస్తాడు. చివరికి నన్ను పిలిచి, “మేడం, పిల్లలల్ల సేవాభావం తగ్గిపోయింది. చెట్లు ఎండుతున్నయి, చూసిండ్రా?” అన్నాడు. “సాయంత్రం బస్సు టైముకు గేటు కాడికి రాండ్రి సార్,” అన్నాను.

వచ్చాడు. పిల్లలు గుంపుగా నవ్వుకుంటూ బయటికి పోతున్నారు. లావణ్యను ఆపి, “ఏం బిడ్డా, చెట్లకు నీళ్ళు పోస్తలేరు?” అని అడిగాడు.

లావణ్య బ్యాగులోంచి బాటిల్ తీసింది. మూత తిప్పి, మొక్క పాదు మీద తలకిందులుగా పట్టుకుంది. చుక్క రాలలేదు.

“ఏడున్నయి సార్? తాగినం.”

వెనక పిల్లలు కూడా బాటిళ్ళు తీసి అలాగే తిప్పి పట్టుకున్నారు, నవ్వుతున్నారు. సార్ ఆ ఖాళీ బాటిళ్ళ వైపు, వాడిన మొక్క వైపు చాలాసేపు చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూశాను. తర్వాత లావణ్య చేతిలోంచి మూత తీసుకుని తనే బిగించి ఇచ్చాడు.

“పోండ్రి బిడ్డా, బస్సు పోతది,” అన్నాడు. “చెట్లకు నేను పోస్త.”